తుండు కింద బొటనవేలు

కొత్తగా ఆటకు వచ్చిన పిల్ల మొహం నవనీతకృష్ణన్ మొదట చూడడు. బూట్లు విప్పమంటాడు. విప్పిన బూటును తిరగేసి, అడుగు ఎక్కడ అరిగిందో బొటనవేలితో తడిమి చూస్తాడు. మడమ దగ్గర అరిగితే ఆగి ఆగి పరుగెత్తే రకం, ఇంటికి పంపేస్తాడు. వేళ్ల దగ్గర అరిగితే బంతి వెనకపడే రకం, ఉంచుకుంటాడు. లోపలి అంచు అరిగితే నాలుగేళ్లలో మోకాలు పోతుంది కాబట్టి, ఆ లోపలే ఎవరికో ఒకరికి అంటగట్టాలి. ఈ చివరి మాట మాత్రం పైకి అనడు.

కోయంబత్తూరు పీలమేడులో హాకీ కర్ర పట్టిన ఎవరినడిగినా ఆయన పేరు చెబుతారు. ముప్పై ఆరేళ్లు పంపుసెట్లు పోతపోసే ఫౌండ్రీలో పనిచేశాడు. పోతకు కావలసిన కొయ్య అచ్చులు చెక్కడం ఆయన పని. కరిగిన ఇనుము ఆరేటప్పుడు కుదించుకుపోతుంది కనుక, అచ్చును అసలు కొలతకంటే కాస్త పెద్దగా చెక్కాలి. ఆ కాస్త ఎంతో చేతికి తెలియాలి. ఆయన చేతికి తెలుసు. ఆ పనిలో ఉండగానే మహిళల హాకీ సంఘానికి కార్యదర్శీ, శిక్షకుడూ, కర్తాకర్మా అన్నీ తానే అయి, అదే లెక్కను పిల్లలకు వాడటం మొదలుపెట్టాడు. ఫలానా పిల్ల బడి పోటీల్లో పది గోల్స్ కొట్టిందని ఎవరైనా పొగిడితే మనసులో నాలుగు తీసేసేవాడు. వేడిమీదున్న ఆట ఆరిన తర్వాత ఎంతకు దిగుతుందో చెప్పేవాడు. చాలాసార్లు అదే నిజమయ్యేది. ఒక మనిషి అంచనాలు పదేపదే నిజమైతే ఆ మనిషి పాడైపోతాడు. నవనీతకృష్ణన్ అలాగే పాడయ్యాడు, అరవై మూడేళ్లకు పూర్తిగా.

కోయంబత్తూరు నుంచి మదురై దాకా మొత్తం ఎనిమిది సంఘాలు కలిసి నడిపే లీగు అది. ఆ ఏడాది బడి ముగించిన పిల్లలను ప్రతి మే నెలలో వంతులవారీగా పంచుకుంటారు. కిందటేడు అడుగున పడ్డ సంఘానికి మొదటి వంతు, అంటే అందరికంటే మంచి పిల్లను ఏరుకునే హక్కు. ఎవరి వంతు వాళ్లు వాడుకోవచ్చు. లేదంటే తమ దగ్గర ఆడుతున్న పిల్లనొకదాన్ని ఇచ్చి ఇంకొకరి వంతు తీసుకోవచ్చు. దెబ్బ తగిలిన పిల్లను మార్పిడి చేయకూడదనీ, పిల్ల బాగానే ఉందని కార్యదర్శి సంతకం పెట్టాలనీ నిబంధన ఉంది. పిల్లను అడగాలని మాత్రం ఏ నిబంధనలోనూ లేదు.

ఈ బేరాలకు ఒక పద్ధతి ఉంది. కార్యదర్శుల్లో సగంమంది తెలుగిళ్లవాళ్లు, తాతల వెంట ఎడ్ల సంతలకు వెళ్లినవాళ్లు. సంతలో ఎద్దు బేరం నోటితో జరగదు. ఇద్దరూ చేతులు కలుపుతారు, పైన తుండు కప్పుతారు, లోపల వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్లకు ఆ ఇద్దరి మొహాలు తప్ప ఇంకేమీ కనబడవు. లీగులో మొదట ఎవరో తమాషాకు చేశారు, రానురాను అదే పద్ధతైంది. బొటనవేలు పట్టుకుంటే ఈ ఏటి వంతు, చూపుడువేలు పట్టుకుంటే వచ్చే ఏటిది, చిటికెనవేలు పట్టుకుంటే బేరం వద్దని. నవనీతకృష్ణన్ భుజం మీద నీలం అంచు తుండు ఎప్పుడూ ఉంటుంది. పద్నాలుగేళ్లలో దాని కింద ఎంతమంది పిల్లలు ఊళ్లు మారారో ఆయనకే గుర్తులేదు. కప్పు మాత్రం ఒక్కసారీ రాలేదు. రెండుసార్లు ఫైనల్ దాకా వెళ్లి ఓడి వచ్చాడు. ఆ రెండు ఓటములూ ఆయన కడుపులో ఆరని మంట.

మూడేళ్ల కింద, పంపకం రోజు అందరి వంతులూ అయిపోయాక, ఎవరూ తీసుకోని పిల్ల ఒకతె మిగిలింది. పేరు కార్తీక, మేలూరు పిల్ల. పదహారేళ్లు. తండ్రి పాండియన్ గ్రానైటు క్వారీలో రాళ్లు కొడతాడు, తల్లి లేదు. బూట్లు చూద్దామంటే ఆ పిల్లకు బూట్లే లేవు. నవనీతకృష్ణన్ పాదాల అడుగు చూశాడు. వేళ్ల కింద చర్మం కాయగాసి ఉంది. సరే రమ్మన్నాడు.

ఆ పిల్ల రెండేళ్లలో లీగు మొత్తానికీ మొదటి సెంటర్ హాఫ్ అయింది. మైదానం నడుమ నిలబడితే అటు బంతి ఇటు రాదు. కిందటేడు రైల్వే జట్టు శిక్షకులొకరు ఆట చూసి, మరుసటి ఏడు డిసెంబరులో సెలక్షన్‌కు రమ్మని నోటిమాటగా చెప్పి వెళ్లారు. రైల్వే అంటే ఉద్యోగం. ఉద్యోగమొస్తే పాండియన్ క్వారీ మానేయవచ్చు. అప్పటికే ఆయనకు ఊపిరితిత్తుల్లో రాతిపొడి చేరింది, నాలుగడుగులు నడిస్తే ఆయాసం. కార్తీక ఫోనులో తండ్రితో మాట్లాడినప్పుడల్లా చివర చెప్పేది ఒకటే, డిసెంబరు దాకా ఓర్చుకోమని.

పిల్ల ఉండేది సంఘం హాస్టల్లో, తినేది నవనీతకృష్ణన్ ఇంట్లో. ఆయన భార్య కనకం వంటగదిలో పీట వేసి, పక్కన కూర్చోబెట్టుకుని పెట్టేది. పిల్ల ఆమెను అత్తా అనేది, ఆయనను మామా అనేది. వాళ్లతో మాట్లాడేది తమిళమే. ఆ ఇంటి తెలుగు కథ వేరు. నాలుగు వందల ఏళ్లనాడు ఈ తమిళదేశానికి వచ్చామని చెప్పుకుంటారు. అప్పటినుంచి బళ్లో ఎవరూ నేర్పకుండానే, ఒక్క అక్షరం రాయకుండానే, నోటి మీదే నిలబెట్టుకున్న మాట. ఇప్పుడు కొడుకు నందకుమార్‌కు అర్థమవుతుంది గానీ బదులు తమిళంలో చెబుతాడు. మనవరాలికి అదీ లేదు. మిగిలింది మొగుడూ పెళ్లాం. వాళ్లకు అది తలుపున్న గది లాంటిది. బస్సులో, పెళ్లిపందిట్లో, అద్దెకున్నవాళ్ల ముందు, మనుషులు ఎదురుగా ఉండగానే ఆ గదిలోకి వెళ్లి వాళ్ల సంగతులే మాట్లాడుకుని బయటికి రావచ్చు. ఎదుటివాళ్లకు చెవులున్నాయన్న సంగతి ఎప్పుడో మరిచిపోయారు.

ఫిబ్రవరిలో ప్రాక్టీసులో కార్తీక ఎడమ మోకాలు మెలిపడింది. నవనీతకృష్ణన్ స్వయంగా తీసుకెళ్లి స్కాన్ తీయించాడు. పిల్లను బయట బెంచీ మీద కూర్చోబెట్టి డాక్టరుతో మాట్లాడాడు. లిగమెంటు సగం తెగింది. ఆరు నెలలు పరుగు మానేసి చెప్పిన వ్యాయామం చేస్తే ఆపరేషన్ లేకుండానే అతుక్కుంటుంది, డిసెంబరుకు భేషుగ్గా ఆడుతుంది. ఇప్పుడు పరుగెత్తిస్తే మొత్తం తెగుతుంది, ఆ తర్వాత ఆపరేషన్ చేసినా ఆటకు హామీ లేదు. డాక్టరు అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు. నవనీతకృష్ణన్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికొచ్చి, నరం పట్టేసిందట, నూనె రాస్తే పోతుందని పిల్లతో అన్నాడు.

ఆ మధ్యాహ్నం ముగ్గురూ వంటగదిలో ఉన్నారు. పిల్ల పళ్లెం ముందు కూర్చుని చారన్నం కలుపుకుంటోంది. నవనీతకృష్ణన్ పక్కనే కూర్చుని, పిల్ల నెత్తి మీదుగా, పెళ్లాంతో తెలుగులో మొత్తం చెప్పేశాడు.

"సగం తెగిపొయ్యుండాది కనకం. ఆరు నెలలు పరుగెత్తకూడదంట. పరుగెత్తితే కాలు పాయె."

"పిల్లకి చెప్పితిరా?"

"చెప్తే ఏడ్చి హాస్టలంతా చెప్తుంది, సాయంత్రానికి మదురైకి తెలుస్తుంది. మే నెల లోపల దీన్ని మదురై కల్యాణసుందరం తలకి కట్టెయ్యాల."

"డిసెంబరుకి రైల్వే ఉండాది గదా ఈ పిల్లకి."

"అదే చెప్తుండేది. ఎట్లయినా డిసెంబరుకి పొయ్యే పిల్ల. పొయ్యేదాని కాలు మనకెందుకు?"

కనకం గరిటెతో ఇంకాస్త చారు తెచ్చి పిల్ల అన్నంలో పోసింది. పిల్ల చాలు అనకుండా, తలెత్తకుండా తింది. కాగితాన్ని బీరువాలో పట్టుచీరల కింద దాచమని అదే తెలుగులో చెప్పి కనకం చేతికిచ్చాడు.

ఆయన తూకం ఆయనకుంది మరి. మదురై సంఘం కిందటేడు అడుగున పడింది కాబట్టి ఈసారి మొదటి వంతు వాళ్లది. ఆ సంఘం కార్యదర్శి కల్యాణసుందరానికి సైకిల్ విడిభాగాల కొట్టుంది, నోరుంది, ఓపిక లేదు. బడిపిల్లను తెచ్చి రెండేళ్లు పెంచే రకం కాదు. ఈ ఏడే పరువు నిలబెట్టుకోవాలి, దానికి చేతికొచ్చిన ఆట కావాలి. ఇటు చూస్తే బడి ముగించిన పిల్లల్లో అభిరామి ఉంది. తిరుప్పూరు పిల్ల, పదిహేడేళ్లు, తల్లి బనియన్ కంపెనీలో కుట్టుపని. నవనీతకృష్ణన్ మోపెడ్ మీద మూడుసార్లు తిరుప్పూరు వెళ్లి గోడ పక్కన నిలబడి ఆ పిల్ల ఆట చూశాడు. మూడుసార్లూ మనసులో గోల్స్ తగ్గించబోయాడు, చేతకాలేదు. ఇంతమంది పిల్లలను తూచినవాడికి, కుదించుకుపోని పిల్లను చూడటం అదే మొదటిసారి. బడిపిల్లల్లో పదిమందిని ఏరుకుంటే ముగ్గురే నిలుస్తారని ఆయనకు తెలుసు. మిగిలినవాళ్లు పెళ్లికో, కాలేజీకో, బనియన్ కంపెనీకో పోతారు. తెలిసీ ఈ పిల్ల మీద కన్నేశాడు. ఈ పిల్ల వస్తే కప్పు వస్తుంది. బదులుగా ఇవ్వడానికి ఆయన దగ్గర ధర పలికే సరుకు ఒక్కటే, దానికి మోకాలు తెగింది.

మూడు నెలలు ఆ మోకాలును దాచాడు. పిల్లకు పట్టీ కట్టించి, తేలిక ప్రాక్టీసు చేయించి, చూడ్డానికి మనుషులొచ్చిన రోజున మాత్రం పది నిమిషాలు దించేవాడు. పది నిమిషాలు కార్తీక ఎప్పటిలాగే ఆడేది. ఆ మూడు నెలలూ నిజంగా విశ్రాంతి ఇచ్చి ఉంటే సగం అతుక్కునేది. ఇవ్వలేదు. ఇస్తే మదురైకి అనుమానం వస్తుంది.

మే మొదటి వారంలో కల్యాణసుందరం ఫోను చేసి, పిల్లను ఒకసారి కళ్లారా చూసి మాట్లాడుకుందామన్నాడు. ఆ ఉదయం నవనీతకృష్ణన్ హాస్టలుకు వెళ్లి పిల్లకు కాఫీ ఇప్పించి, నొప్పి మాత్రలు రెండు చేతిలో పెట్టాడు. కార్తీక మాత్రలు వేసుకుని, గ్లాసు కింద పెట్టి, తమిళంలో ఒక్క మాట అడిగింది. మామా, ఈరోజు నేను పూర్తిగా పరుగెత్తవచ్చా? ఆయన ఆ పిల్ల బూట్ల వైపు చూస్తూ, ఎందుకు పరుగెత్తకూడదు, బాగా పరుగెత్తు అన్నాడు. పిల్ల ఇంకాసేపు ఆయన వైపే చూసి, వంగి లేసులు బిగించుకుంది.

మైదానంలో ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. కల్యాణసుందరం నల్ల కళ్లద్దాలు పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. ఇద్దరూ తెలుగులో పలకరించుకున్నారు, ఇంట్లో అమ్మాయిల పెళ్లిళ్ల గురించి మాట్లాడుకున్నారు. పిల్లలు పది అడుగుల దూరంలో ఒళ్లు వేడి చేసుకుంటున్నారు. కల్యాణసుందరం కర్రతో కార్తీకను చూపించి, సంతకొచ్చినట్టే అడిగాడు.

"నవనీతం, ఎద్దు నిగనిగలాడతుండాది. మేపి తెస్తివా, దువ్వి తెస్తివా?"

"నడిపించి చూసుకో. నోటితో చెప్పేదేమి?"

కల్యాణసుందరం నడిపించాడు. కార్తీక మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు పన్నెండుసార్లు పరుగెత్తింది. ఎడమవైపు తిరగమన్నాడు, తిరిగింది. వంగి బంతి లాక్కోమన్నాడు, లాక్కుంది. మళ్లీ ఎడమవైపే తిరగమన్నాడు. ఆ తిరుగుడులో మోకాలు ఒక్క క్షణం పక్కకు జారడం నవనీతకృష్ణన్ కన్ను పట్టేసింది. కల్యాణసుందరం పట్టలేదు. పిల్ల మొహంలో ఏమీ కనబడలేదు. ఆ రోజు ఆడినంత బాగా కార్తీక మునుపెన్నడూ ఆడలేదు. దానికి ఆయన సంతోషించాడు. నిజంగానే, మనస్ఫూర్తిగా సంతోషించాడు, తన శిక్షణ ఎంత గట్టిదో అనుకున్నాడు.

తర్వాత తుండు కప్పారు. కల్యాణసుందరం ముందు చూపుడువేలు ఇచ్చాడు, అంటే వచ్చే ఏటి వంతు. నవనీతకృష్ణన్ వదిలేశాడు. చూపుడువేలూ మధ్యవేలూ కలిపి ఇచ్చాడు, వచ్చే రెండేళ్ల వంతులు. లెక్క ప్రకారం అది మంచి బేరమే, ఇంకెవరైనా ఎగిరి గంతేసేవాళ్లు. కానీ వచ్చే రెండేళ్లలో అభిరామి లేదు. నవనీతకృష్ణన్ బొటనవేలు పట్టుకుని ఊరుకున్నాడు. కల్యాణసుందరం చిటికెనవేలి దాకా వెళ్లి బెదిరించాడు, వెనక్కి వచ్చాడు, చెమట తుడుచుకున్నాడు. కార్తీక నీళ్ల సీసాతో అక్కడే నిలబడి తుండు వైపు చూస్తోంది. తుండు కింద చేతులు చాలాసేపు కదిలాయి. చివరకు కల్యాణసుందరం ముందుగా నవ్వాడు. బొటనవేలు ఇచ్చాడు.

నవనీతకృష్ణన్ అక్కడికక్కడే కాగితం తీసి, పిల్లకు ఏ దెబ్బా లేదని రాసి సంతకం పెట్టాడు.

రెండు రోజుల తర్వాత కార్తీక సంచి సర్దుకుని ఇంటికి వచ్చింది. మదురై బస్సుకు ఇంకా గంటన్నర ఉంది. కనకం మామూలు కంటే నాలుగు రకాలు ఎక్కువ వండింది. పిల్ల తిన్నది, చేయి కడుక్కుంది, ఇద్దరికీ దండం పెట్టింది. నవనీతకృష్ణన్ పిల్ల తల మీద చేయి పెట్టి, మదురైలో మన పేరు నిలబెట్టమని తమిళంలో దీవించాడు. పిల్ల లేచి నిలబడి తెలుగులో మాట్లాడింది. కనకం మాట్లాడే తెలుగు, కనకం తల్లి మాట్లాడిన తెలుగు, అదే యాస, అదే సాగతీత.

"మామా, ఆ స్కాన్ కాయితం ఇయ్యండి. బీరువాలో అత్త పట్టుచీరల కింద ఉండాది గదా. మదురైలో డాక్టరుకి చూపించాల."

కనకం చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. నీకి మన మాట ఎట్ల వచ్చె అన్నాడు నవనీతకృష్ణన్.

"మూడేండ్లు ఈ ఇంట్లో అన్నం తింటి మామా. రాకుండా ఎట్లుంటుంది?"

కనకం కూలబడినట్టు పీట మీద కూర్చుంది. "అన్నీ తెలిసి ఎందుకే పరుగెత్తితివి?"

"చెప్పుంటే మామ పెట్టుకోరు, మదురై ఆయన తీసుకోరు. నేను ఎక్కడికి పొయ్యేది అత్తా? అయినా పొద్దున మామని అడిగితి, పరుగెత్తొచ్చునా అని. వద్దంటారని చూస్తి."

ఇక్కడ ఒక మనిషి ఏదైనా అనవచ్చు. తప్పయిందనవచ్చు, ఏడవవచ్చు, కనీసం తల దించుకోవచ్చు. ముప్పై ఆరేళ్లు కొలతలతో బతికిన నవనీతకృష్ణన్ బుర్రలో ఆ నిమిషాన తిరిగింది ఒక్కటే. పంపకానికి ఇంకా మూడు రోజులుంది. మదురై వాళ్లకు ఇప్పుడు తెలిస్తే బేరం రద్దు, అభిరామి చేజారుతుంది.

"కల్యాణసుందరానికి చెప్పితివా?" అన్నాడు.

పిల్ల ఆయన వైపు చూసింది. "లేదు మామా."

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. పీల్చుకున్నది ఇద్దరికీ వినబడింది. ఆ తర్వాత, కాయితం ఎక్కడో పొయ్యింది, నేనూ వెతుకుతానే ఉండా అన్నాడు. కార్తీక కనకం వైపు తిరిగింది. బీరువా తాళంచెవి కనకం నడుముకే ఉంది. కనకం లేవలేదు, తాళంచెవి మీద చేయి వేసుకుని కూర్చుంది. మొగుడికి ఎదురుచెప్పడం ఆమెకు నలభై ఏళ్లలో అలవాటు కాలేదు, ఆ రోజు కూడా కాలేదు. కార్తీక సంచి భుజానికెత్తుకుని, పోయొస్తానత్తా అని వెళ్లిపోయింది.

పంపకం రోజు మొదటి వంతుకు నవనీతకృష్ణన్ లేచి అభిరామి పేరు చెప్పాడు. మిగతా కార్యదర్శులు ఆయనను వెర్రివాణ్ని చూసినట్టు చూశారు, అంత మంచి సెంటర్ హాఫ్‌ను ఇచ్చి బడిపిల్లను తెచ్చుకున్నాడని.

జూలైలో, మదురైలో రెండో మ్యాచిలో, ఎవరూ తగలకుండానే కార్తీక పడిపోయింది. మోకాలు మొత్తం తెగింది. కల్యాణసుందరం ఫోనులో ఒంటికాలి మీద లేచాడు. పాత దెబ్బని డాక్టరు చెప్పాడు, నన్ను ముంచితివి, నా వంతు నాకు తిరిగి ఇయ్యి అన్నాడు. నవనీతకృష్ణన్ తన సంతకం కాగితం గుర్తుచేశాడు. ఇచ్చినప్పుడు బాగుంది, నీ కళ్లముందే పన్నెండుసార్లు పరుగెత్తింది, నీ మైదానంలో పడితే నాకేం సంబంధం అన్నాడు. ఇరవై నిమిషాలు పోట్లాడుకున్నారు. అంతసేపట్లో పిల్ల ఎలా ఉందని ఈయన అడగలేదు, ఆయన చెప్పలేదు. లీగువాళ్లు ఇద్దరినీ పిలిచి విన్నారు, అయిన మార్పిడి అయినట్టే అన్నారు. మదురై సంఘం ఆపరేషన్ సంగతి వచ్చే ఏడు చూద్దామని చెప్పి పిల్లను మేలూరు బస్సెక్కించి చేతులు దులుపుకుంది.

ఆగస్టులో కనకం మొగుడికి చెప్పకుండా మేలూరు వెళ్లింది. బీరువాలోంచి కాగితం తీసి, చీర కొంగులో ముడివేసుకుని తీసుకెళ్లింది. కార్తీక కాలు చాపుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. పాండియన్ క్వారీకి వెళ్లి ఉన్నాడు. పిల్ల ఆమెను చూసి సంతోషపడింది, నోరారా తెలుగులోనే మాట్లాడింది, ఆవకాయ జాడీ అయిపోయిందా అత్తా అని కూడా అడిగింది. కనకం కాగితం చేతిలో పెట్టింది. కార్తీక మడత విప్పి చదివి, మళ్లీ మడతపెట్టి, ఇప్పుడెందుకత్తా అంది. కోపంగా అనలేదు. కనకం పిల్ల కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని ఏడ్చింది. సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేసింది. ఎక్కడికి వెళ్లావని మొగుడు అడిగితే మేలూరుకు అని తమిళంలో చెప్పింది. ఆయన ఆ తేడా గమనించలేదు. కప్పు మీద ఉన్న మనసు.

కప్పు వచ్చింది. సెప్టెంబరు చివర్లో, ఫైనల్లో, అభిరామి మూడు గోల్స్ కొట్టింది. నవనీతకృష్ణన్ మైదానంలోకి పరుగెత్తి మోకాళ్ల మీద పడి మట్టి కళ్లకద్దుకున్నాడు. ఆయన పంట పండింది. మెడలో పూలదండలు, కూడలిలో పేరుతో ఫ్లెక్సీ. పాపం పండి శిక్ష పడుతుందని ఎదురుచూసేవాళ్లు చూడొచ్చు గానీ, అలాంటిదేమీ జరగలేదు.

మర్నాడు మధ్యాహ్నం కప్పును వంటగదిలోకే తెచ్చి నీళ్లబిందె పక్కన పెట్టాడు. అభిరామి పీట మీద కూర్చుని చారన్నం తింటోంది. కార్తీక కూర్చున్న పీటే. నవనీతకృష్ణన్ పళ్లెం ముందు కూర్చున్నాడు. పొద్దున లీగులోని ఇంకో సంఘంవాళ్లు ఫోను చేశారు. ఆ సంగతి పెళ్లాంతో చెప్పుకోవాలని పొద్దుట్నుంచీ నోరు దురద పెడుతోంది. ఈ నాలుగు నెలల్లో కనకం తనతో తెలుగు మాట్లాడటం మానేసిందని ఈమధ్యే తెలిసింది, మొదట అలకనుకున్నాడు, తర్వాత పట్టించుకోవడం మానేశాడు. పిల్లల ముందు జాగ్రత్తగా ఉండాలని కూడా అనుకున్నాడు. కానీ ఈ పిల్ల వచ్చి నాలుగు నెలలే కదా, అప్పుడే ఏమొస్తుంది అనుకున్నాడు. గొంతు తగ్గించి తెలుగులో మొదలుపెట్టాడు.

"కనకం, దీనికి రెండు వంతులు ఇస్తారంట. వచ్చే ఏటిది ఒగటి, ఆ పై ఏటిది ఒగటి. ఇప్పుడు ధర మీద ఉండాది. వచ్చే ఏటికి బూటు లోపలి అంచు..."

కనకం గరిటె గిన్నెలో పెట్టింది. ఆయన మొహంలోకి సూటిగా చూసి, పెద్దగా, విస్పష్టంగా తమిళంలో అంది.

"పాప్పావుక్కు పురియుఱ మాదిరి పేసుంగ."

పిల్లకు అర్థమయ్యేలా మాట్లాడండి అని. నలభై ఏళ్లలో మొగుడికి ఆమె చెప్పిన మొదటి ఎదురుమాట అదే. తర్వాత ఇంకో మాట చేర్చింది, మీరు మాట్లాడేది దాని గురించే కదా అని.

అభిరామి కలుపుతున్న చేయి ఆపి తలెత్తింది. ఏంటి మామా అని అడిగింది. పదిహేడేళ్ల మొహం, నిన్నటి గెలుపు ఇంకా దాని మీద ఉంది. నవనీతకృష్ణన్ ఆ మొహం చూడలేదు. గుమ్మం దగ్గర విడిచిన ఆ పిల్ల బూట్ల వైపు చూశాడు.

ఏమీ లేదు, తిను అన్నాడు తమిళంలో.

అన్నం ముగించి, తుండు భుజాన వేసుకుని, ఫోను తీసుకుని డాబా మీదికి వెళ్లాడు.